చల్లారకముందే తీసిన బిళ్ళలు

నా పీహెచ్‌డీ గైడు, మేమంతా సారు అని పిలిచే ఆయన, మూడు వారాల క్రితం కాలం చేశారు. నోయిడా ఆఫీసుకు మెట్రోలో వెళుతుంటే ఆయన భార్య ఫోన్ చేశారు. నేను ఆవిడను ఆంటీ అంటాను. “మీ సారు టీ అడిగారమ్మా. పెట్టి తెచ్చేలోపే వెళ్ళిపోయారు,” అన్నారు. మయూర్ విహార్‌లో దిగిపోయాను. ఆఫీసుకు చెప్పాలని కూడా తోచలేదు.

సారుది బాపట్ల వైపు. ఉద్యోగమంతా ఢిల్లీలోనే చేసినా, ఆయన హిందీలో కూడా బాపట్ల వినిపించేది. నేను మునిర్కాలో గది తీసుకుని ల్యాబ్‌లో చేరిన మొదటి రోజే నా ముందు రెండు నల్లటి బిళ్ళలు పెట్టారు. రెండూ ఒకే కోబాల్ట్ ఆక్సైడ్. ద్రవ నైట్రోజన్‌లో ముంచి అయస్కాంతం దగ్గరికి తెస్తే ఒకటి టక్కున అతుక్కుంది, రెండోది కదల్లేదు. మీటర్ పెడితే మొదటిదాంట్లో కరెంటు హాయిగా పారింది, రెండోది మొరాయించింది.

“తేడా ఏంటో చెప్పు,” అన్నారు. నేను వంగి రెండు బిళ్ళల్నీ మార్చి మార్చి చూశాను.

“రెండోదాంట్లో ఆక్సిజన్ కాస్త తక్కువ. అంతే. చూడ్డానికి కవలపిల్లలే. అందుకే దేన్నీ చూసి నమ్మకు, కొలిచి నమ్ము.”

ఆక్సిజన్ ఎంతుందో కొలవడానికి పక్క గదిలో మెషిన్ ఉంది. అయినా ప్రతి బ్యాచ్ నుంచీ ఒక ముక్కను ఆమ్లంలో కరిగించి, బ్యూరెట్ నుంచి చుక్క చుక్కా వదులుతూ, నీలం రంగు పోయేదాకా చేతితో టైట్రేషన్ చేయాల్సిందే. ఆ చివరి చుక్క దగ్గర ఆయన ఊపిరి బిగబట్టేవారు. నాకు విసుగొచ్చేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

మా పనిలో బిళ్ళను కాల్చడం కంటే చల్లార్చడం ముఖ్యం. ఫర్నేస్‌లో ఆక్సిజన్ వదులుతూ ఒక్కో డిగ్రీ దించితే బిళ్ళ ఆక్సిజన్‌ను నెమ్మదిగా పట్టుకుంటుంది. వేడి మీదే తీసేస్తే తక్కువతోనే ఉండిపోతుంది. నాలుగో ఏడాదిలో ఒక శనివారం నాకు జ్వరమొచ్చి, బిళ్ళలను ఫర్నేస్‌లో చల్లారుతుండగానే వదిలి గదికెళ్ళిపోయాను. సోమవారం వచ్చేసరికి బిళ్ళలు డబ్బాలో ఉన్నాయి. చల్లారాకే ఎవరో తీసి పెట్టారనుకుని, నెమ్మదిగా చల్లార్చినవని లేబుల్ రాసి, ఆలస్యమైపోతోందన్న తొందరలో టైట్రేషన్ ఎగ్గొట్టి కొలతలకు పంపేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

ఆ తర్వాత అదే పద్ధతిలో చేసిన ఏ బ్యాచ్‌లోనూ ఆ ఫలితం రాలేదు. కొత్తవన్నీ అయస్కాంతాలే, ఆ మొదటి బ్యాచ్ మాత్రం కాదు. ఆర్నెల్లు సారు నన్ను కాల్చుకు తిన్నారు. “నోట్‌బుక్‌లో ఒకటి రాసి ఇంకోటి చేశావా?” అని అందరి ముందూ అడిగారు. చివరికి విచారణకు కమిటీ కూర్చుంది. నేను లెక్కలు అల్లానని తేలితే థీసిస్ అక్కడితో సరి. మా నాన్నకు ఏం చెప్పాలో తెలియక వారం రోజులు ఫోనే ఎత్తలేదు.

కమిటీ ముందుకు సారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. అంతకు ముందు రోజు ఆ పాత బిళ్ళల్లో మిగిలిన ముక్కను తానే టైట్రేషన్ చేశారట. ఆక్సిజన్ బాగా తక్కువ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చిందట.

“ఆ శనివారం గార్డు బిల్డింగ్ తాళం వేస్తానన్నాడు. ఫర్నేస్ ఆపి, వేడి మీదే బిళ్ళలు తీసి డబ్బాలో పెట్టింది నేను. ఈ అమ్మాయికి చెప్పడం మర్చిపోయాను. తను రాసింది తనకు తెలిసినంతలో నిజం,” అన్నారు.

బయటికొచ్చాక నేను థాంక్స్ చెప్పలేదు. “ఆర్నెల్లు తిట్టారు కదా సార్,” అన్నాను.

“తిట్టాను. ఇప్పుడు నువ్వు తిట్టు.”

నాకు ఏడుపొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే స్టూలు వేసుకుని ఫర్నేస్ ముందు కూర్చున్నారు, బిళ్ళలు మళ్ళీ మొదటి నుంచి చేయడానికి. ఇంత కోపిష్టిని భరించి చదువు చెప్పిన మనిషి ఆయన. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అనుంటే బాగుండేది.

కర్మలన్నీ అయ్యాక, మొన్న ఆదివారం ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. “జీవితమంతా ఆ ల్యాబ్‌లోనే గడిపారు. ఏం రాశారో నాకొక్క ముక్క తెలీదమ్మా. ఏదైనా చదివి చెప్పు,” అన్నారు. ఫోన్‌లో సారూ నేనూ కలిసి రాసిన పేపర్ తెరిచాను. కోబాల్ట్ సంగతి ఎలా చెప్పాలో తెలియక, మూడో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం దగ్గర ఆగాను. అనవసరమని పత్రికవాళ్ళు తీసేయమన్నా సారు ఒప్పుకోని వాక్యం అది. తెలుగులో చెప్పాను: “మొదటి బ్యాచ్‌ను చల్లారకముందే బయటికి తీయడం రెండో రచయిత పొరపాటు. మొదటి రచయిత్రికి ఆ సంగతి తెలియదు.”

“రెండో రచయిత అంటే?”

“సారే, ఆంటీ.”

ఆవిడ నా వైపు తిరిగారు. “ఇంట్లో ఒక్కనాడు తప్పు నాదని అన్న మనిషి కాదే,” అన్నారు. నవ్వు మొదలైంది, మధ్యలోనే కళ్ళు నిండిపోయాయి. చీర చెంగుతో తుడుచుకుని, కళ్ళజోడు వెతికి పెట్టుకున్నారు. నా ఫోన్ తీసుకుని, తనకు రాని ఆ ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి, మళ్ళీ చదవమన్నారు.