బాపు గడియారం పడుకునే తీరు

జనవరి పంతొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఈ జ్ఞాపకం నన్ను పట్టుకున్నది. సూరత్ స్టేషన్ దగ్గరి ఒక ఇరుకైన దుకాణంలో, చాబీ ఇచ్చి నడిపే నా చేతి గడియారాన్ని శుభ్రం చేయించుకొందామని కూర్చొని ఉన్నాను. దుకాణదారు దానిని అరచేతంత యంత్రంలో బిగించగా, యంత్రం ఆ టిక్కు టిక్కును విని తెర మీద ఒక అంకె చూపింది. ముఖం పైకి ఉన్నప్పుడు గడియారం రోజుకు పది సెకన్లు ముందుకు పోతున్నది. అతడు దానిని నిలువుగా తిప్పాడు. ఈసారి ఆరు సెకన్లు వెనుకబడుతున్నదని చూపింది. "పడుకోబెడితే ఒక లెక్క, నిలబెడితే ఇంకో లెక్క సాబ్. చెబితే మీరు నమ్మరు," అన్నాడు గుజరాతీలో. నమ్మకపోవడమేమిటి? ఆ సంగతిని నేను ఇరవై ఏళ్ళ క్రితమే, ఇదే ఊళ్ళో భేస్తాన్‌లోని మా ఒంటి గదిలో, ఇటువంటి యంత్రాన్ని ఎన్నడూ చూడని మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్న విధానం మాత్రం గొప్పగా చెప్పుకోదగినది కాదు.

నాన్నగారిని మేము బాపు అనేవాళ్ళం. పాండేసరలోని ఒక కార్ఖానాలో బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. పదకొండేళ్ళుగా అవే ఎనిమిది సాంచాలు. వాటిలో ఏది ఎప్పుడు దారం తెంపుతుందో, తెంపక ముందు ఎట్లా మూలుగుతుందో బాపుకు తెలుసు. ఆ కార్ఖానాలో షిఫ్టు మారేటప్పుడు సాంచాలను ఆపరు. దిగిపోయేవాడు నడుస్తున్న సాంచాను అట్లాగే వదిలితే, ఎక్కేవాడు నడుస్తుండగానే అందుకోవాలి. పక్కనున్న రంగుల మిల్లు సైరన్ ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ మోగుతుంది. సైరన్ మోగే వేళకు రావలసినవాడు తన సాంచాల నడుమ నిలబడి లేకపోతే, పని పంచే మాస్టర్ గేటు బయట కాచుకొని ఉన్న బదిలీ పనివాళ్ళలో ఒకరిని లోపలికి పిలుస్తాడు. ఒకసారి చేయి మారిన సాంచా మళ్ళీ పాత చేతికి వస్తుందన్న భరోసా ఎవరికీ లేదు. అందుచేత మా ఇంట్లో అన్నం కంటే ముందు గడియారం సంగతి చూసుకొనేవారు.

ఆ చేతి గడియారం బాపు మా ఊరు వదిలి సూరత్‌కు వచ్చిన రెండో ఏడాది చౌక్ బజారులో పాతది కొన్నది. పక్కనున్న దాని చాబీ పిడి వదులైపోయింది. మాటిమాటికీ లాగి ముల్లు తిప్పితే ఊడి చేతికి వస్తుందని ఎవరో హెచ్చరించారట. అప్పటి నుండి బాపు ముల్లును ముట్టుకోలేదు. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఇంటికి వచ్చి, స్నానం చేసి, గడియారాన్ని బల్ల మీద ఏదో ఒక భంగిమలో పెట్టి పడుకొనేవాడు. ఒకనాడు వెల్లకిలా ఉంచేవాడు, ఒకనాడు స్టీలు గ్లాసుకు ఆనించి చాబీ కిందికి వచ్చేటట్లు నిలబెట్టేవాడు. పెట్టే ముందు చెవి దగ్గర ఉంచుకొని, వైద్యుడు నాడి చూసినంత సేపు వినేవాడు. అమ్మకు ఇది ఒక వేడుక. "నీ పండుకునుడు కంటె దాని పండుకునుడే ఎక్కువైందయ్యా. జర దానికి దుప్పటి గూడ కప్పరాదు?" అనేది. బాపు నవ్వేవాడే గాని ఎందుకలా పెడుతున్నాడో చెప్పేవాడు కాదు. నేను దానిని వృద్ధాప్యపు చాదస్తమని లెక్కవేసుకున్నాను.

ఆ ఏడు మా వంశంలో మొదటిసారిగా ఒకరు బి.ఎస్సి. ఉత్తీర్ణులయ్యారు. ఆ ఒకరు నేను. ఫలితాలు వచ్చిన వారంలోనే, బాపుకు ఏదైనా మేలు చేయాలన్న ఉత్సాహంతో, సెలవు రోజున ఆయన నిద్రపోతుండగా గడియారాన్ని బజారుకు తీసుకొనిపోయాను. బాగుచేసేవాడు దానిని బల్ల మీద వెల్లకిలా ఉంచి పరీక్షించి, రోజుకు అర నిమిషం పైచిలుకు ఉరుకుతున్నదని చెప్పి, లోపల వేగం సరిచేసే పుల్లను సవరించి, సరిగ్గా నడిచేటట్లు చేశాడు. ఇంటికి వచ్చి బాపుతో, "ఇగ నువ్వు ఎటు పెట్టినా ఒక్కటే బాపు. సైంటిఫిక్‌గా చేయించిన," అన్నాను. బాపు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. మరోసారి విని, "సద్వుకున్నోనివి, నువ్వు చెప్పినంక ఇంకేంది కొడుకా," అన్నాడు. ఆనాటి నుండి గ్లాసుకు ఆనించడం మానేశాడు.

నేను తెలుసుకోనిది ఒకటే. ఆ గడియారం బల్ల మీద ఉరికేది. బాపు మణికట్టు మీద, సాంచాల అదురులో, వేలాడే చేతితో పన్నెండు గంటలు తిరిగేటప్పుడు వెనుకబడేది. ఆ వెనుకబాటును ఈ ఉరుకుతో బాపు ఏ రోజుకు ఆ రోజు సరిచేసుకొనేవాడు; ఉరుకు ఎక్కువైన రోజు గ్లాసుకు ఆనించి తగ్గించేవాడు. నేను ఉరుకును మాన్పించాను. వెనుకబాటు మిగిలింది. రోజుకు అర నిమిషం చొప్పున అది పేరుకొంటూ పోయింది. బాపు మామూలుగా నాలుగు నిమిషాల ముందు చేరేవాడు. ఆ నాలుగూ క్రమంగా కరిగాయి. సైరన్ తన గడియారం కంటే ముందే మోగుతున్నదని గమనించాడు కూడా. గమనించి, "గీ మిల్లోళ్ళకు ఏం తొందరొచ్చిందో, రోజు ముందుగాలనే కొడుతున్నరు," అని అమ్మతో నవ్వుతూ అన్నాడు. పాండేసర అంతా నమ్మే సైరన్‌ను తప్పుపట్టి, కొడుకు మాటను నమ్మిన మనిషి ఆయన.

బాగుచేయించిన పదో సాయంత్రం బాపు గేటు దాటే లోపలే సైరన్ మోగి ఆగిపోయింది. అర గంటలో ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ వేళప్పుడు బాపును ఇంట్లో చూడడం మాకు అలవాటు లేదు. అమ్మ గాబరాగా, "ఏందయ్యా, పెయ్యి బాగలేదా?" అని అడిగింది. "మంచిగనే ఉన్న. సాంచాలు వేరేటోనికి ఇచ్చిండ్రు," అన్నాడు. 'కాకా, నీ కోసం సాంచా ఆగుతుందా?' అని మాస్టర్ హిందీలో అడిగాడట. పదిహేను రోజుల తర్వాత రాత్రి షిఫ్టువాళ్ళు పగటికి మారినప్పుడు చూద్దామన్నాడట, అంతవరకు గేటు దగ్గర నిలబడమన్నాడట. నేను గోడకు ఆనుకొని నిలబడి, తప్పు నాదని చెప్పడానికి తగిన వాక్యం వెతుక్కున్నాను. నా పట్టాలో అటువంటి వాక్యం లేదు. చివరకు, "నేను చెడగొట్టిన బాపు," అన్నాను. "చెడగొట్టలె. దానికి కొత్త గుణం వచ్చింది. తెలుసుకోవాలె, గంతే," అన్నాడు.

ఆ పదిహేను రోజులూ నా జీవితంలో అతి పెద్ద పాఠశాల. బాపు ఒకే ఒకసారి ముల్లును సైరన్‌కు సరిచేశాడు. పనికి పిలిచినా పిలవకపోయినా, ప్రతి సాయంత్రం అర గంట ముందే గేటు దగ్గర ఉండేవాడు. పగలు గడియారాన్ని ఒక్కొక్క రోజు ఒక్కొక్క తీరుగా పెట్టి, పెట్టినప్పుడూ తీసినప్పుడూ రేడియో వార్తల గంటతో సరిచూసేవాడు. నేను నోటుపుస్తకంలో రాసుకొనేవాణ్ణి. వెల్లకిలా ఉంచితే తేడా లేదు. చాబీ కిందికి ఉంటే వెనుక. బోర్లా పెట్టినా పెద్ద మార్పు లేదు. ఐదో రోజు, పన్నెండు అంకె కిందికీ ఆరు పైకీ వచ్చేటట్లు తలకిందులుగా నిలబెట్టి, చెవి ఆనించి, "ఇగో, ఉరుకుతున్నది," అన్నాడు. నేను విన్నాను. నాకు టిక్కు టిక్కు తప్ప మరేమీ వినపడలేదు. సాయంత్రానికి చూస్తే అది పన్నెండు సెకన్లు ముందున్నది!

"ఎట్ల తెలిసింది బాపు?"

"ఎనిమిది సాంచాలు ఒక్కసారి మోగుతుంటె, అండ్ల ఒక్కటి జర ఎనకవడ్డా తెలుస్తది కదా. ఇది గూడ గంతే. నిండ చాబీ ఇచ్చినపుడు ఒక తీరు, దిగినంక ఒక తీరు. ఎండకాలం ఒక తీరు, చలికి ఒక తీరు. నువ్వు రాసుకో, నేను మర్చిపోత."

ఆయన మరచిపోలేదు; నా పుస్తకంలోని ప్రతి అంకె ఆయన నోట ముందే వచ్చింది. కళాశాలలో లోలకాన్ని గురించి నేను పుటలకు పుటలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. భూమి ఆకర్షణ గడియారంలోని ఒక చిన్న చక్రాన్ని ఎటు లాగుతుందో చెవితో వినగలిగినవాడు నాతో ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకుంటున్నాడని ఆ రోజు వరకు నేనెరుగను. ఆ ఆశ్చర్యం ఇంకా నన్ను వదలలేదు.

షిఫ్టు మారింది. బాపు సాంచాలు బాపుకు తిరిగి రాలేదు. ఆ బదిలీ కుర్రవాడు వాటిని చక్కగానే నడుపుతున్నాడు. బాపుకు మూలనున్న ఆరు పాత సాంచాలు ఇచ్చారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటే, "గివి గూడ తెలుస్తయి తియ్యి," అన్నాడు బాపు. తెలియడానికి ఒక వర్షాకాలం పట్టింది.

కాలం అందరికీ సమానంగా నడుస్తుందని నేను పుస్తకంలో చదువుకున్నాను; నడిచే కాలాన్ని రోజూ పక్కన కూర్చొని పలకరించవలసి ఉంటుందని ఆ పుస్తకంలో లేదు. ఆ తర్వాత నేను ఎవరి వస్తువునూ వారిని అడగకుండా బాగుచేయించలేదు.