తెల్ల శంఖుపువ్వు, చారల ఉడుత

మా ఉడుత శంఖుపువ్వు గింజలు తిని చచ్చిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెబుతారు. అబద్ధం. గింజలు తింటే కడుపు జారుతుందేమో గానీ, నోటి వెంట నల్ల నురగ రాదు.

రాజోలు దగ్గర మా అత్తవారి కొబ్బరితోటలో కోకో కాపుకొచ్చిన కొత్త. ఉడుతలు కాయలు కొరికేస్తున్నాయని, కొబ్బరికాయల దింపు తీసేవాళ్ల చేత చెట్ల మొవ్వుల్లో ఎలకల మందు కూరిన అరటిపండు ముక్కలు పెట్టించేవారు. అలా తల్లి చచ్చిన పిల్లనొకదాన్ని నేను దూదివత్తితో పాలు పట్టి పెంచాను.

"కడుపు పండకపోతే ఉడతల్ని పెంచుతారా అమ్మాయ్?" అనేవారు అత్తగారు, నలుగురూ ఉండగా చూసి.

"రాముడు నిమిరిన జీవం కదండీ."

"ఆయన నిమిరింది వారధి కట్టినదాన్ని. మన కోకో తిన్నదాన్ని కాదు."

ఆవిడ ప్రాణమంతా పెరటి పందిరి మీది తెల్ల శంఖుపువ్వు తీగ. కార్తీకమాసమంతా శివుడికి ఆ పూలే. ఉడుత వాటి మొగ్గలు కొరికింది. అన్నాల దగ్గర పంచాయితీ.

"డిగ్రీ చదివేవు కదా, చెప్పు. అదీ ఎలకా ఒకటేనా కాదా?"

"కుటుంబాలు వేరండి. క్రమం ఒకటే, కొరికే జంతువులు."

"ఎలకేనన్నమాట."

"అలాగైతే మీ శివుడి పువ్వుది చిక్కుడు కుటుంబమండి. రేపు కూర వండమంటారా?"

మా ఆయన పక్కున నవ్వారు. ఆవిడ విస్తరి ముందునుంచి లేచిపోయారు. నేనన్నదాంట్లో తప్పులేదు, ఇప్పుడైనా అదే అంటాను.

నిజానికి ఉడుతకీ శంఖుపువ్వుకీ లోకంలో కరువు లేదు. రెండూ అంతరించిపోయే జాతులు కావు. కాకపోతే తీగకి మా ఇంట్లో దడి ఉంది, బియ్యం కడుగు ఉంది. ఉడుతకి నేనొక్కదాన్నే.

ఆ వారంలోనే అది వంటింటి వెనక సిమెంటు గాబు చాటున చచ్చిపడి ఉంది. పక్కన నేను రోజూ పాలన్నం పెట్టే కొబ్బరిచిప్ప. అందులో సగం కొరికిన అరటిపండు ముక్క, మధ్యలో నల్లగా మందు.

"గింజలు తినుంటుంది. దేవుడి తీగ జోలికెళ్తే అంతే" అన్నారు అత్తగారు, అరుగు దిగకుండానే.

"ఆయ్, అంతే అయ్యుంటుంది" అన్నారు మా ఆయన.

మర్నాడు తీగని మొదలంటా నరికాను. తొలకరికి రాలిన గింజల్లోంచి మళ్లీ లేచింది.

అత్తగారు పోయారు. ఆవిడతో నాకు పేచీ లేదు, ఎదురుగానే తిట్టేవారు. ఆ చిప్ప గాబు చాటున పెట్టుకున్నది ఆవిడ కంటపడకూడదనే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఎన్నడూ అటు రాలేదు. ఆ చోటు తెలిసింది ఇద్దరికే. ఏవండీ, ఇది మీరూ చదువుతారుగా. మీ అమ్మగారికి చోటు చెప్పి ఊరుకున్నారా, పండు పెట్టింది కూడా మీ చెయ్యేనా?