కిటికీ తీయమన్న గొంతు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. నిజామాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. రెండోసారి చూసినా అలాగే కనిపిస్తేనే రిపోర్టులో రాసే అలవాటు నాది. ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మూడేళ్ల కింద ఒక్కదాన్నే హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లాను. ఢిల్లీలో కలిసిన బృందంలో తొమ్మిది మంది ఉన్నారు, తెలుగువాళ్లు ఒక్కరూ లేరు. అందరూ జంటలుగా, స్నేహితులుగా వచ్చారు. వాళ్ల ఫొటోలు తీసిపెట్టడం నా పనైంది.

మూడో రోజు మోకాలు వాచింది. నన్ను కొండ మీది బసలో వదిలి, మిగతావాళ్లు పొద్దున్నే పైకి వెళ్లారు. బస అంటే రాతి గోడల గదులు రెండు, పైన రేకులు. దాన్ని చూసుకునేది ప్రేమ్‌సింగ్ అనే పెద్దాయన. పదకొండింటికి మంచు మొదలైంది. ఆయన బొగ్గుల కుంపటి నా మంచం పక్కన పెట్టి, నీళ్ల కోసం కిందికి వెళ్లాడు. చలికి ఆగలేక కిటికీ మూసేశాను.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చేయాలో తట్టలేదు. తల బరువెక్కింది, కళ్లు మూతలు పడ్డాయి. హాయిగానే ఉంది.

అప్పుడు గోడ అవతలి నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. గట్టిగా, మా సొంతూరు కోటగిరి వైపు మాటలో.

"లే బిడ్డా! కిడికి తియ్యి. గట్ల పండుకోకు, లే!"

కాళ్లు కదల్లేదు. పాకుతూ వెళ్లి గడియ లాగాను. చల్లగాలి ముఖానికి కొట్టగానే వాంతయింది. కుంపటి పొగకు స్పృహ తప్పబోయానని అప్పుడు అర్థమైంది. తేరుకుని పక్క గదిలో చూస్తే ఎవరూ లేరు. గుమ్మం ముందు కొత్త మంచు మీద ఒక్క అడుగు కూడా లేదు.

బొగ్గు పొగ తలకెక్కితే లేని మాటలు వినిపించవచ్చు. అదే అనుకుని వదిలేసేదాన్ని. ఇంతలో ప్రేమ్‌సింగ్ ఆయాసపడుతూ, ఉత్త చేతులతో పరుగున వచ్చాడు.

"ఆవిడ ఏది?" అన్నాడు హిందీలో.

"ఎవరు?"

"అరిచిన ఆవిడ. కింది మలుపు దాకా వినిపించింది. నీళ్లు అక్కడే పడేసి వచ్చాను."

కుంపటి బయటికి లాగేసి, నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. కాసేపయ్యాక, "బిడ్డా అంటే ఏమిటి, బేటీ?" అని అడిగాడు.

ఆయనతో నేను ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు.

కోటగిరికి వెళ్లినప్పుడు మా అక్కతో చెప్పాను.

"మన అవ్వనేనేమో" అన్నది. మా వైపు అవ్వ అంటే అమ్మే. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు.

"కాదక్కా. అవ్వ గొంతు నాకెరుక లేదా? గా గొంతు నేనెన్నడు విన్లే."

"మరి నువ్వు ఆమెకెట్ల ఎరుక?"

ఇప్పటికీ గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆమెను ఒకసారి పిలిచి చూడాలనిపిస్తుంది. ఏమని పిలవాలో తెలియదు.