యుఫేమియా మేడమ్ మూడో డెమో

యుఫేమియా మేడమ్‌ని మా బడిలో మొండిఘటం అనేవాళ్లు. నేనూ అనుకునేదాన్ని, కాకపోతే పైకి కాదు. ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో పట్నానికి దక్షిణాన సముద్రం ఒడ్డున జాలర్ల పిల్లల బడి మాది. ఆవిడ ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఐదో తరగతికి ఇంగ్లీషు చెబుతోంది. పక్క గది నాది. మధ్యలో ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. ఆవిడ గొంతుకి అదో అడ్డమా! నా క్లాసు పిల్లలు నేను చెప్పే లెక్కల కంటే ఆవిడ చెప్పే ఇంగ్లీషే ఎక్కువ నేర్చుకున్నారు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత నేనూ చాక్‌పీసు పట్టుకుని వింటూ నిలబడిపోయేదాన్ని.

ఎవరైనా లేచి మా నాన్న మంచివాడు అని చెప్పి కూర్చోబోతే కూర్చోనిచ్చేది కాదు. మంచివాడంటే సరిపోయిందా? ఎవరితో మంచివాడు, దేనిలో మంచివాడు? అంతేనా, ఇంకేమైనా ఉందా? గుడ్ అన్నాక ఎట్ అనో టు అనో విత్ అనో ఒకటి రావాలి. ఆ తర్వాత అండ్ అనో బట్ అనో పెట్టి ఇంకో గుణం తగిలించాలి. అప్పటిదాకా ఆ పిల్ల నిలబడాల్సిందే. ఒకసారి ఒక పిల్ల చాలాసేపు తల గోక్కుని, మా నాన్న వలలు బాగుచెయ్యడంలో మంచివాడు కానీ పొద్దున్నే లేవడంలో చెడ్డవాడు అని ఇంగ్లీషులో చెప్పేసింది. రెండు గదులూ ఘొల్లుమన్నాయి. మేడమ్ నవ్వలేదు. ఇప్పుడు మీ నాన్న నా కళ్లకి కనబడ్డాడు, కూర్చో అంది. మంచివాడని ఊరికే అంటే ఆ మనిషి ఎవరికీ కనబడడని ఆవిడ నమ్మకం.

ఇంత చెప్పగలిగిన మనిషి మాస్టర్ టీచర్ ఎందుకు కాలేదని అడగండి. మాస్టర్ టీచర్ అంటే మిగతా టీచర్లకి పాఠం చెప్పడం నేర్పే మనిషి. అది కావాలంటే జిల్లా నుంచి వచ్చిన వాళ్ల ముందు డెమో క్లాసు చెప్పి నెగ్గాలి. యుఫేమియా మేడమ్ రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ తప్పింది. కారణం మా అందరికీ తెలుసు. డెమో అంటే మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ముందురోజే పిల్లలతో అంతా ఆడించి పెడతారు. ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి, జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్నే పిలుస్తుంది. మరీ వెనకబడ్డ పిల్లల్ని ఆ పూటకి పక్క గదిలోకి తోలేస్తారు. యుఫేమియా మేడమ్ ఇవేవీ చెయ్యనంది. రెండుసార్లూ ప్రశ్న అడిగి నిమిషాల తరబడి నిలబడింది, పిల్లలు గుడ్లప్పగించి చూశారు, వచ్చినవాళ్లు క్లాసులో చురుకు లేదని రాసుకుని పోయారు.

ఇది మూడోది. వచ్చే ఏటికి ఆవిడకి అరవై, ఆ తర్వాత డెమోకి పిలవరు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడే బయటపడింది. "నాకూ ఆశ ఉంది ఇందై. పేరు కోసం కాదు. ఒక్కసారి మాస్టర్ టీచర్నైతే ఈ ఎడమచెయ్యి నాటకం మన మండలంలో లేకుండా చేస్తాను," అంది. ఇందై అంటే మా భాషలో అమ్మాయి అని. పెద్దవాళ్లు ముద్దుగా పిలిచే మాట. ఈ మనిషి మళ్లీ తప్పబోతోంది, ఆ తప్పడం నేను పక్క గదిలోంచి వినబోతున్నాను అనిపించింది.

డెమోకి ముందురోజు ఆవిడ పని మీద టౌనుకి వెళ్లింది. మధ్యాహ్నం ఆవిడ క్లాసు నాకు అప్పజెప్పారు. నొలాస్కో సారు, మా హెడ్మాస్టరు, గుమ్మంలో నిలబడి ఒక కాగితం అందించాడు. అందులో ఎనిమిది వాక్యాలు, ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉన్నాయి. చురుకైన ఎనిమిది మందికి నేర్పించు, ఆవిడకి చెప్పకు అన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఆ సంతకం పెట్టాల్సింది ఆయనే. భయపడ్డాను, నిజమే. కానీ భయం ఒక్కటే అని చెబితే నా నోరు పడిపోతుంది. నాకూ అదే కావాలనిపించింది. ఆవిడ నెగ్గాలి, ఎలాగైనా నెగ్గాలి. బడి వదిలే గంట కొట్టేదాకా కూర్చుని ఎనిమిది మంది చేతా వల్లె వేయించాను. కుడిచెయ్యి ఎడమచెయ్యి మాత్రం క్లాసంతటికీ నేర్పాను. దివినా అని ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, మాట కూడబలుక్కుంటుంది, ఒక వాక్యానికి అరగంట పడుతుంది. నువ్వు రేపు ఏ చెయ్యీ ఎత్తకు అని చెప్పాను. ఆ పిల్ల సరేనని తలూపింది.

మర్నాడు వెనక కుర్చీల్లో జిల్లా నుంచి వచ్చిన ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో వాళ్లకి పెద్ద, లెగాస్పినా మేడమ్. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు మా జిల్లాలో లేరు. పక్కన సారు, గోడవారగా నేను. నాకు అప్పజెప్పిన పని టిఫిన్లు, పాన్సిట్ నూడుల్సూ, జిగురు బియ్యం కొబ్బరాకుల్లో చుట్టి ఉడికించిన ఇబోసూ బల్ల మీద సర్దిపెట్టాను. యుఫేమియా మేడమ్ కాస్త గంజి పెట్టిన తెల్ల బ్లౌజు వేసుకుని, బెదురు అన్నది లేకుండా మొదలెట్టింది. మీకు తెలిసినదాని గురించి చెప్పండి, ఒక్క గుణంతో ఊరుకోకండి అంది. అడగ్గానే ముప్ఫై ఎనిమిది చేతులు లేచాయి.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ క్లాసులో అన్ని చేతులు ఎప్పుడూ లేవలేదు. ఒక పిల్లని పిలిచింది. ఆ పర్వతం ఎత్తైనది, మంచుతో కప్పబడి ఉన్నది అని పిల్ల గడగడా అప్పజెప్పింది. రెండో పిల్లాడు లేచి, ఆ రాజుగారు వృద్ధుడు కానీ విజ్ఞానంతో నిండినవాడు అన్నాడు. లెగాస్పినా మేడమ్ కలం కదులుతోంది. సారు కాలు ఊపుతున్నాడు. నెగ్గినట్టే అనుకున్నాను. యుఫేమియా మేడమ్ మొదటి పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి మెల్లిగా అడిగింది.

"మంచు ఎక్కడ చూశావే?"

"కాగితంలో, మేడమ్."

మేడమ్ చేతిలో బెత్తం బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి వచ్చినవాళ్లతో, ఈ వాక్యాలు పిల్లలవి కావు, ఎవరో నేర్పారు, ఇంతవరకూ వేసిన మార్కులు కొట్టెయ్యండి, పాఠం మళ్లీ మొదలుపెడతాను అని చెప్పింది. ఎవరు నేర్పారని లెగాస్పినా మేడమ్ అడిగితే, క్లాసు నాది కనక బాధ్యత నాదే అంది. లేచి చెప్పొచ్చు కదా? లేవలేదు. ఆ పక్కన సారు ఉన్నాడు, నా ఉద్యోగానికి కావాల్సిన సంతకం ఆయన చేతిలో ఉంది.

చేతులు దించమంది పిల్లల్ని. మీకు తెలిసిన మనిషి గురించి చెప్పండి, ఈ గదిలో మనిషైనా ఫరవాలేదు, తొందర లేదు అంది. ఎవరూ కదల్లేదు. గోడ గడియారం వినబడుతోంది. ఇదీ తప్పింది, మూడోసారి కూడా తప్పింది, దీనికి నేనే కారణం అనుకుంటూ ఇబోస్ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు దివినా లేచింది. చెయ్యి ఎత్తలేదు, నేను వద్దన్నాను కదా, ఊరికే లేచి నిలబడింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, మధ్యమధ్య ఆగుతూ, చివరికి పూర్తి చేసింది.

"మేడమ్ రొసేలా ఈజ్ కైండ్ టు అస్... బట్ అఫ్రెయిడ్ ఆఫ్ సర్."

రొసేలా అంటే నేనే. మా మీద దయ ఉంది, కానీ సారంటే భయం. ఆ పిల్ల నిన్న ముందు బెంచీలోనే ఉంది. గుమ్మంలో కాగితం చేతులు మారడం చూసింది. చాడీ చెప్పే గొంతు కాదది, అడిగినదానికి జవాబు చెప్పింది అంతే. యుఫేమియా మేడమ్ నా వైపు చూడలేదు. చూసుంటే బతికిపోయేదాన్ని.

"సరిగ్గా చెప్పావు దివినా. కూర్చో," అంది.

నేను లేచాను. ఎలా లేచానో ఇప్పటికీ తెలియదు. కాగితం చదివించింది నేనే, చేతులు ఎలా ఎత్తాలో నేర్పింది నేనే అని చెప్పాను. సారు పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. లెగాస్పినా మేడమ్ ఫైలు మూసి, ఇలా జరిగితే డెమో చెల్లదని నియమం ఉందని అంది.

యుఫేమియా మేడమ్ తలూపింది. "చెల్లకపోతే పోనివ్వండి. ఈ పిల్లలకి ఇంకా పాతిక నిమిషాల క్లాసుంది. అది ఇచ్చెయ్యాలి," అని బోర్డు వైపు తిరిగింది.

అప్పుడు చూడాలి ఆ క్లాసుని. దివినాయే చెప్పేసిందంటే మాకేం తక్కువ అనుకున్నారో ఏమో. ఒకడు మా అమ్మ బజారులో గట్టిది కానీ డాక్టరు దగ్గర మెత్తనిది అన్నాడు. ఇంకొకతె మా పడవ పాతది, పెద్దది, తుపాను ముందర పనికిరానిది అంది. తప్పులు బోలెడు. ఆవిడ ఒక్కో తప్పునీ పిల్ల చేతే దిద్దించింది. ముందు ఎడమచెయ్యెత్తిన పిల్లలు కుడిచెయ్యెత్తారు, రెండు చేతులూ ఎత్తినవాళ్లూ ఉన్నారు. లెగాస్పినా మేడమ్ కుర్చీలోంచి లేవలేదు. ఎప్పుడు తెరిచిందో ఫైలు మళ్లీ తెరిచే ఉంది. గంట కొట్టాక మొదటి పేజీ అడ్డంగా కొట్టేసి, రెండో పేజీ మా ముందు పెట్టింది. నియమానికి జవాబు నేను చెప్పుకుంటాను, ఈ పాఠం నెగ్గింది అంది. సారుని తర్వాత వచ్చి తనని కలవమంది. ఆయన ఇబోస్ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక ఆవిడ బోర్డు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాను. మేడమ్ నెగ్గింది కదా, ఇక నన్ను తిడితే తిట్టనీ, మాట్లాడితే చాలు అనుకున్నాను. మోసం చేశాను, క్షమించండి అన్నాను. ఆవిడ డస్టరు పక్కన పెట్టి ఆ రోజు మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"మోసం గురించి కాదు ఇందై నా బాధ. ఐదేళ్లు ఆ చెక్క అవతల కూర్చుని రోజూ నా పాఠం విన్నావు. విని కూడా, నాకు చేతకాదనుకున్నావు."

ఆవిడ సంచీ తీసుకుని, రేపు తొందరగా రమ్మని, ఈసారి చెక్కకి ఇవతల కూర్చుని వినమని చెప్పి, ఇంటికి వెళ్లిపోయింది.