రిబ్బన్ కట్టిన బిందెలు

ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల షాపులో నేను గుడ్డ కొలిచి కత్తిరిస్తాను. బయట మెట్రో స్తంభాలు లేస్తున్నప్పటి నుంచి దుమ్ముకి రోజుకి నాలుగుసార్లు కౌంటర్ తుడవాల్సి వస్తోంది, అది వేరే సంగతి. నలుగురు ఆడపిల్లలకి తలా రెండుంబావు మీటర్లు కావాలని ఎవరైనా అడిగితే, వాళ్లు ఫోను తీసేలోపే తొమ్మిది మీటర్లని చెప్పేస్తాను. "లెక్కలల్ల హుషారున్నవే" అంటారు. నాకు నవ్వొస్తుంది. పదో తరగతి సగం అయ్యేదాకా నాకు లెక్కలే రావు. రావంటే, అందరి తలలోనూ లెక్కలకి ఒక అర ఉంటుందనీ, నా తలలో అది పెట్టడం మర్చిపోయారనీ నిజంగానే నమ్మేదాన్ని.

మాది నాచారం. ఫ్యాక్టరీల వెనక బస్తీ. అక్కడికి దగ్గర్లోనే సర్కారు హైస్కూలు. పదో తరగతిలో మమ్మల్ని మార్కుల వరుసలో కూర్చోబెట్టేవాళ్లు. బోర్డు ముందు బాగా చదివే లైను, తర్వాత నడిమి లైను, చివర కిటికీ లైను. మా బస్తీ ఆడపిల్లలం ఏడుగురం. ఏడుగురమూ కిటికీ లైనే. ముందు లైను వాళ్లేమీ పెద్ద ధనవంతుల పిల్లలు కాదు. వాళ్లదీ అదే సర్కారు పుస్తకం, అదే చాక్‌పీసు దుమ్ము. మెయిన్ రోడ్డు వైపు ఇళ్లు వాళ్లవి, అంతే తేడా. అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కలు రెండు పేపర్లూ కలిపి నూటికి నాకు పదకొండు వచ్చాయి. మా ఏడుగురిలో ఎవరికీ ఇరవై దాటలేదు. ముందు లైనులో యాభై కంటే తక్కువ ఎవరికీ లేవు.

మా అమ్మ బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఎంత సబ్బు పెట్టినా ఆమె చేతుల్లోంచి ఆ తియ్య వాసన పోయేది కాదు. నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, తిట్టలేదు, కొట్టలేదు. "పదిల ఫెయిలైతే జూన్ల నా ఎంబడి కంపెనీకి రావాలె. సూపర్‌వైజర్‌కు జెప్పి పెట్టిన" అంది. అంతే. అప్పటినుంచి బిస్కెట్ వాసనొస్తే చాలు ముక్కు మూసుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే లెక్కల మేడం మా నోటుబుక్కులన్నీ తెమ్మన్నారు. ఈ మేడం ఉప్పల్ నుంచి బస్సులో వచ్చేవారు, సన్నగా, ఎప్పుడూ కాటన్ చీర, ఎప్పుడూ టైముకే. తొమ్మిదింబావుకి మొదలయ్యే మొదటి పీరియడ్ ఆవిడదే. లేటుగా వచ్చినవాళ్లని లోపలికి రానిచ్చేవారు కాదు, పీరియడ్ అయ్యేదాకా వరండాలో నిలబడాలి. పాసయ్యేవాళ్లు, అనుమానం ఉన్నవాళ్లు, ఫెయిలయ్యేవాళ్లు అని మూడు లిస్టులు రాసిమ్మని పెద్దసారు ఆవిడని అడిగారట. లిస్టు రాయడానికే మా నోటుబుక్కులు.

మధ్యాహ్నం నన్ను స్టాఫ్‌రూముకి పిలిచారు. మా ఏడుగురిలో వాగుడుకాయని నేనే కదా. టేబుల్ మీద మా ఏడు నోటుబుక్కులు తెరిచి పరిచి ఉన్నాయి.

"సోమవారం రాసినవ్. మంగళవారం లేదు. బుధవారం రాసినవ్. గురువారం లేదు. ఏమిటిది?"

"లేటైంది మేడం."

"సరే, నీకు లేటైంది. ఈ పిల్లకు గూడ మంగళవారమే, గురువారమే. ఈ పిల్లకు గూడ. ఏడుగురికీ ఒక్కటే దినం లేటైతదా?"

నేను వంగి చూశాను. ఏడు పుస్తకాల్లోనూ ఒకే చోట ఖాళీ. ఏడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే ఎలుక ఒకేసారి కొరికినట్టు. మేడం పేజీలు తిప్పుతూ పోయారు. ఒక వారం మంగళ, గురు, శని. మరుసటి వారం సోమ, బుధ, శుక్ర. మళ్లీ మంగళ, గురు, శని. తర్వాత నా పరీక్ష పేపరు తీసి పక్కన పెట్టారు. నేను సరిగ్గా చేసిన కాసిని లెక్కలూ నేను క్లాసులో ఉన్న రోజులవి. ముట్టుకోకుండా వదిలేసినవన్నీ లేని రోజులవి. ఒక్కటి కూడా తప్పలేదు.

నేను ఏ రోజు ఎక్కడున్నానో నాకే గుర్తులేదు. ఆవిడ ఉత్త కాగితాలు చూసి నా పొద్దులన్నీ చెప్పేస్తున్నారు.

"దినం తప్పి దినం ఏముంటది మీకు?"

"ట్యాంకర్ మేడం. నీళ్ల ట్యాంకర్. ఎనిమిదిన్నరకొస్తది, మా వంతు అయ్యేసరికి తొమ్మిదిన్నర అయితది."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?"

"నీళ్లకు పోయినమని గూడ జెప్పాల్నా మేడం?"

నిజంగా అలాగే అనుకున్నాం. పళ్లు తోముకున్నామనీ, జడ వేసుకున్నామనీ ఎవరైనా చెబుతారా? పెద్దవాళ్లు డ్యూటీలకి వెళ్లాక నీళ్లు పట్టేది ఆడపిల్లలే, అదొక కారణమని మాకే తట్టలేదు. మేడం కిటికీలోంచి వరండా వైపు చూశారు. మేం నిలబడే చోటు అక్కడినుంచి కనిపిస్తుంది. అక్కడ గోడకి మా వీపులు ఆని ఆని సున్నం పోయి నున్నగా అయింది. ఆ పీరియడ్లో ఆలస్యంగా అయినా మమ్మల్ని లోపలికి రానిచ్చి ఉంటే సగమన్నా విని ఉండేవాళ్లం.

"లిస్టు రేపిస్త" అని మాత్రం అన్నారు, నాతో కాదు, తనతో తాను.

లెక్కలు మధ్యాహ్నానికి మార్చమని అడిగితే కుదరదన్నారట పెద్దసారు. మధ్యాహ్నం పీరియడ్లు ఎవరివి వాళ్లకి పంచి ఉన్నాయి. మర్నాడు ట్యాంకర్ రోజు. ఎనిమిదింబావుకి మేడం మా గల్లీలో ఉన్నారు, చేతిలో రెండు నోటుబుక్కులతో.

మా లైనుకి ఒక కట్టుబాటు ఉండేది. తెల్లవారుతూనే బిందెలు వరుసలో పెట్టుకోవచ్చు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. కానీ ట్యాంకర్ వచ్చి పైపు విప్పాక బిందె పక్కన చెయ్యి ఉండాలి. చెయ్యి లేని బిందెని కాలితో పక్కకి తోసేస్తారు, ఎవరూ ఏమనుకోరు. తోసేవాళ్లలో అందరికంటే ముందుండేది మూలింటి అత్త. మాకేం చుట్టం కాదు, మూలింట్లో ఉంటుంది కాబట్టి బస్తీ మొత్తానికి మూలింటి అత్త. ఆమె నోటికి ట్యాంకర్ డ్రైవర్ కూడా హారన్ కొట్టకుండా వచ్చేవాడు.

మేడంని చూసి అత్తే ముందు అడిగింది. "ఏందమ్మా, రేషన్ కార్డులు రాయనీకొచ్చినవా? నాది రెండేండ్లసంది రాలే, రాసుకో."

"కాదమ్మా. బళ్లో లెక్కలు చెప్త. ఈ ఏడుగురు పిల్లల నీళ్లు ముందుగాల పట్టనిస్తే, ప్రార్థనకల్లా బడికి వస్తరు. మార్చి దాకనే."

లైనంతా ఒక్కసారి లేచింది.

"మా పోరగాండ్లు సదువుతలేరా టీచరమ్మా? వాళ్లు ఆరు, ఏడు సదువుతున్నరు, గంతే."

"నాకు తొమ్మిదింటికి డ్యూటీ. నా బిందెలు ఎవలు మోస్తరు?"

"ఒక్కదినం ముందు ఇడిస్తే ఇగ దినాం ముందే అంటరు."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మేడం రెండు నోటుబుక్కులూ అత్త ముందు తెరిచారు. ఒకటి ముందు లైను అమ్మాయిది, ఒకటి నాది.

అత్తకి చదువు రాదు. వేలిముద్రే. తడి చెయ్యి చీరకి తుడుచుకుని ముందు ఆ అమ్మాయి పుస్తకం తిప్పింది. తర్వాత నాది తిప్పింది. నెమ్మదిగా, ఒక్కో పేజీ. "గిది నిండున్నది" అంది. "గిది జర నిండున్నది, జర ఖాళీ. మల్ల నిండు. మల్ల ఖాళీ." పది పేజీలు తిప్పిందేమో. అప్పుడు తలెత్తి బిందెల లైను వైపు చూసి, మళ్లీ పుస్తకం చూసి, "గీ ఖాళీలు మన ట్యాంకరేనా?" అంది.

ఒక్క అక్షరం రాని మనిషి నా నోటుబుక్కు చదివేసింది. నేను నెలల తరబడి రోజూ మోసుకు తిరిగి కూడా చదవలేకపోయాను.

మేడం తలూపారు.

"ఏ పోరిలవి బిందెలు?" అంది అత్త. మేడం మా పేర్లు చెప్పబోతే, "పేర్లెందుకు, బిందెలు సూపియ్యి" అంది.

మేడం సంచిలోంచి చాక్‌పీసు తీసి నా బిందె మీద గుర్తు పెట్టబోయారు. లైనంతా నవ్వింది. "నీళ్లు తాకంగనె పోదా టీచరమ్మా" అని అత్త నా జడ పట్టుకుని, రిబ్బన్ ఒకటి లాగి, బిందె మెడకి కట్టేసింది. "రిబ్బనున్న బిందెకు చెయ్యక్కర్లే. ఎవలన్న తోసిన్రో, నా ముచ్చట ఎర్కనే గదా."

ఆ రోజు నుంచి మా ఏడిళ్ల బిందెలు నీలం రిబ్బన్లతో లైనుకి ముందుండేవి. ఊరికే చెప్పడం కాదు, గుక్కెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు వాళ్లు. వాళ్లే మా బిందెల కింద పైపు పెట్టి నింపి మా గడపలో దించేవాళ్లు. గొణిగేవాళ్లు, తిట్టేవాళ్లు, అయినా దించేవాళ్లు. మేమేమో ఒంటి రిబ్బన్‌తో బడికి పోతే డ్రిల్లు సారు చేతుల మీద కొట్టేవాడు. "రెండో రిబ్బన్ ఏదే?" అంటే "బిందెకున్నది సార్" అని చెప్పాను. ఎక్కిరిస్తున్నాననుకుని ఇంకొకటి వేశాడు.

ఇక క్లాసు సంగతి. వరసగా మూడు రోజులు లెక్కల పీరియడ్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. శ్రేఢులు చెబుతున్నారు. మొదటి రోజు మేడం బోర్డు మీద ఒక లెక్క సగం చేసి గంట కొడితే ఆపేశారు. రెండో రోజు అక్కడినుంచే మొదలుపెట్టారు. నిన్నటి లెక్క ఇవాళ్టికి వచ్చి అతుక్కుంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నాకప్పటిదాకా లెక్కలంటే ఏ రోజుకారోజు ఆకాశంలోంచి ఊడిపడే ముక్కలు. నిన్న చెప్పినదాని మీద ఇవాళ్టిది నిలబడుతుందని, ఇవాళ్టిది రేపటికి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. ముందు లైను వాళ్లకి మొదటినుంచీ ఇది తెలుసు కదా అనిపించింది. వాళ్ల తలలో ఉందనుకున్న అర ఇదేనా? ఇంతేనా? నాకు ఏడుపొచ్చింది. మేడం చూసి, "ఏమైంది?" అన్నారు. "సమజైంది మేడం" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది.

పబ్లిక్ పరీక్షల్లో లెక్కల పేపర్లు రెండు, వరసగా రెండు రోజులు. అంటే ఏదో ఒకటి ట్యాంకర్ రోజు పడక తప్పదు. రెండో పేపరు పడింది. మా సెంటర్ లాలాపేట్‌లో. ఏడున్నరకే అందరం బయలుదేరాం. అమ్మ డ్యూటీకి పోయింది. ఖాళీ బిందెలకి రిబ్బన్లు కట్టి, గుమ్మం బయట పెట్టి, తాళం చెవి అత్తకిచ్చి వెళ్లాను.

మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి చూస్తే ఆరు బిందెలు, ఒక డ్రమ్ము అంచుదాకా నిండి ఉన్నాయి. ఒక్కో దాని మీద మూత. అత్త మా గడపలో కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది.

"పేపరెట్లున్నది?"

"మంచిగనే రాసిన అత్తా."

"మంచిగనే అంటె? నిండ రాసినవా, ఖాళీలున్నయా?"

"రెండు ఖాళీ ఉన్నయి."

"గట్లెట్ల ఉంచుతవే? నేను ఒక్క బిందె గూడ ఖాళీ ఉంచలే" అని నిజంగానే కోప్పడింది.

లెక్కల్లో నలభై ఆరు వచ్చాయి నాకు. పాసయ్యాను. ఏడుగురిలో ఐదుగురం పాసయ్యాం. ఒకామె మళ్లీ రాసి గట్టెక్కింది, ఒకామె రాయనేలేదు. రిజల్ట్ వచ్చిన రోజే అమ్మ కంపెనీకి వెళ్లి నా పేరు వద్దని సూపర్‌వైజర్‌కి చెప్పి వచ్చింది. రాత్రి నా తలకి నూనె పెట్టింది. తియ్య వాసన వేసింది, కానీ ముక్కు మూసుకోలేదు.

మార్కుల మెమో తీసుకుని జూన్‌లో ఒక ట్యాంకర్ పొద్దున అత్త దగ్గరికి పరిగెత్తాను. నా బిందె ముందు వరసలో ఉంది, నీలం రిబ్బన్‌తో. అత్త మెమోని అటూ ఇటూ తిప్పి, ఖాళీలేమైనా ఉన్నాయేమోనని చూసి, నా చేతిలో పెట్టింది.

"పాసైనవా?"

"పాసైన అత్తా."

"అయితే రిబ్బన్ ఇప్పు. పదోది అయిపోయింది గద, ఇగ నీకు ముందెందుకు? లైన్ల నిలవడు."

అప్పుడు చూశాను. నా బిందె వెనక ఇంకా రిబ్బన్లున్నాయి. కొత్తవి, ముడతలు లేనివి. ఆ ఏడు పదిలోకొచ్చిన పిల్లలవి. ఎవరు కట్టమన్నారో అడగక్కర్లేదు. నేను రిబ్బన్ విప్పి, బిందె చంకనెత్తుకుని, గల్లీ చివరిదాకా నడిచి, అందరికంటే వెనక పెట్టాను. నా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. బడి వైపు చూస్తే, లేటైందని గల్లీలో పరిగెత్తే పదో తరగతి ఆడపిల్ల ఒక్కతి కూడా కనబడలేదు.