పంటు మీద చంటాడు

మొన్న ఆదివారం మా పాత కారు కొనేముందు చూసుకోవడానికి అంబాజీపేట నుంచి ఒకాయన వచ్చారు. బానెట్టు ఎత్తి చూశారు, టైర్లను కాలితో తట్టి చూశారు, లోపల కూర్చుని హారను కొట్టి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నట్టు తల ఊపుతూ గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, ఆగిపోయారు. “ఇదేంటండీ, ఎవరో కొరికినట్టుంది?” అన్నారు. “ఆయ్, కొరికిందేనండి” అన్నాను. ఆయన ఒకసారి నా నోటివంక చూశారు. కొరికింది నేను కాదనీ, మా అక్కయ్యగారి కుక్క అనీ చెప్పాక బేరం పక్కకు పోయి కబుర్లు మొదలయ్యాయి. ఆయనకు చెప్పిన సంగతే ఇక్కడ కొంచెం నింపాదిగా రాస్తున్నాను. నేను రోజూ డైరీ రాసే మనిషిని. వాన పడిందా, కరెంటు ఎప్పుడు పోయింది, వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా, ఇవన్నీ అందులో ఉంటాయి. అంత రాసే నేను అది కొరికిన రోజు పేజీలో మాత్రం “కారులో ఉండిపోయాను” అని రాసి కలం మూసేశాను. అంతకుమించి రాసే ఓపిక లేదు.

అక్కయ్యగారి ఇల్లు అమలాపురానికి దగ్గర్లోనే, ఒక అగ్రహారంలో. బావగారు వేదం చదువుకున్నవారు. మడీ ఆచారమూ బాగా పట్టింపు. అలాంటి ఇంటికి ఒక వానాకాలంలో ఈ కుక్కపిల్ల వచ్చి అరుగు ఎక్కింది. తరిమితే వెళ్ళేది, మళ్ళీ వచ్చేది. “ఉంటే ఉండనీ, గుమ్మం దాటకూడదు” అన్నారట బావగారు. అది నిజంగానే గుమ్మం దాటలేదు. ఆయన మడి కట్టుకుని వస్తుంటే అదే లేచి దారి ఇచ్చేది. అక్కయ్య దానికి చంటాడు అని పేరు పెట్టింది. చంటాడు పెరిగి పెరిగి ధాన్యం బస్తా అంతయ్యాడు గాని పేరు మాత్రం మారలేదు.

బావగారు నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను అయ్యాక నరసాపురంలో ఉన్న మా మేనకోడలు ఆయన్నీ అక్కయ్యనూ తన ఇంటికి తీసుకెళ్ళింది. చంటాడు మా ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అన్నం ముట్టలేదు. మా ఆవిడ పొద్దున్నే వేడివేడిగా కలిపి పెట్టేది. వాడు పళ్ళెం వంక ఒకసారి, మా వంక ఒకసారి చూసి, మూతి ముందుకాళ్ళ మీద పెట్టుకుని పడుకునేవాడు. నీళ్ళు తాగేవాడు, అంతే. పాలు, బిస్కెట్లు, నెయ్యి వేసిన పప్పన్నం, ఏదీ లాభం లేకపోయింది. పశువుల డాక్టరుగారు వచ్చి నోరు తెరిచి చూసి, “జబ్బేం లేదండి, దిగులు. తన మనిషి కనపడితే తింటాడు. ఎక్కువ రోజులు ఇలా ఉంచకండి, నీరసించిపోయేడు” అన్నారు. అక్కడ అక్కయ్య రోజూ ఫోను. “తమ్ముడూ, చంటాడు తింటున్నాడా?” “ఆయ్, సుబ్బరంగా” అనేవాణ్ణి. ఫోను పెట్టగానే మా ఆవిడ నావైపు చూసేది. వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. వాడు మా ఇంట్లో పోతే ఆ మాట మంచాన ఉన్న మనిషికి ఎవరు చెబుతారు? అందుకని వాణ్ణి నరసాపురం తీసుకెళ్ళి బావగారి ముందు పెడదామని బయలుదేరాం.

మా ఆవిడ చించినాడ దగ్గర గోదావరి వంతెన మీదుగా వెళదామంది. నేను సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుదామన్నాను. పంటు అంటే పెద్ద పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు. మనుషులతో పాటు బళ్ళూ కార్లూ దాని మీదే గోదావరి దాటుతాయి. “దగ్గర దారి, పైగా కుక్కకి గాలి తగులుతుంది” అన్నాను. నేను ఏ పనికైనా ముందుగా ఏర్పాట్లు చేసుకునే మనిషిని. తువ్వాళ్ళు, నీళ్ళసీసా, వాడి పళ్ళెం, డబ్బాలో పెరుగన్నం, బావగారికి పులిహోర, అన్నీ వెనకసీట్లో సర్దాను. దానితో మా ఆవిడకు అక్కడ సగం చోటే మిగిలింది. ముందుసీట్లో చంటాడు కూర్చున్నాడు. వెనకాల పెడితే వాడు అరుపు మానలేదు మరి. రాజోలు సెంటర్లో కారు ఆపితే టీకొట్టు దగ్గర నిలబడ్డ పెద్దాయన తొంగిచూసి, “అమ్మగారు వెనకాల, వారు ముందూనా అండీ?” అన్నారు. “వారికి ఒంట్లో బాలేదు లెండి” అంది మా ఆవిడ, ముఖం ఇటు తిప్పకుండా.

రేవులో మనుషులందరినీ దిగమని, కార్లను మాత్రం ఎక్కించారు. మా ఆవిడ దిగి నడిచి ఎక్కింది. నేను కారు నడుపుకుంటూ ఎక్కాను. పంటు మీద బళ్ళు ఎక్కించే కుర్రాళ్ళ పనితనం చూడవలసిందే. జానెడు ఖాళీ కనిపిస్తే వాళ్ళకు నిద్ర పట్టదు. నాకు కుడివైపు రొయ్యల ట్రేలతో ఒక వ్యానును అద్దానికి ఆనించి పెట్టారు. ఎడమవైపు మోటారుసైకిళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని బారుగా నిలబడ్డాయి. నా తలుపు తియ్యబోతే బొటనవేలు పట్టేంత తెరుచుకుంది. సరే, పది నిమిషాల్లో అవతలి ఒడ్డు కదా అనుకున్నాను. ఇంజను ఆపెయ్యమన్నారు, ఆపేశాను.

నది సగం దాటాక కిందనుంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది. పంటు మెల్లిగా ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం సముద్రం లాక్కునే వేళ అని నేను ఆలోచించలేదు. నీళ్ళు తీసి, కింద ఇసకమేట తగిలింది. పంటు నడిపే సరంగు గెడ వేసి పొడిచి చూసి, బీడీ ముట్టించాడు. ఆ బీడీ చూడగానే నాకు పరిస్థితి అర్థమైంది. “ఎంతసేపు బాబూ?” అని కారులోంచే కేకేశాను. “పోటు ఎక్కేదాకానండీ. గోదారమ్మ దయ. కూకోండి, కూకోండి” అన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. అంతకంటే ఏమీ చెయ్యలేని స్థితిలో ఉన్నాను.

ఇంజను ఆగగానే చంటాడికి భయం పట్టుకుంది. తన సీట్లోంచి లేచి, గేరు రాడ్డు మీదుగా వచ్చి, నా ఒళ్ళో కూర్చున్నాడు. నా గడ్డం కింద వాడి వీపు, స్టీరింగు మీద వాడి కాళ్ళు. వాడు కదిలినప్పుడల్లా హారను. వ్యాను డ్రైవరు తల బయటకు పెట్టి, “ఎందుకండీ కొడతారు, నేనెక్కడికి తియ్యనండి, గోదాట్లోకా?” అన్నాడు. “నేను కాదు బాబూ, కుక్క” అన్నాను. “కుక్కకి డ్రైవింగ్ ఇచ్చేరేటండీ!” అని పంటంతా వినబడేటట్టు నవ్వాడు. ఎండ నెత్తి మీద ఉంది. రేకు కాలుతోంది. కుడివైపు రొయ్యల వాసన, ఒళ్ళో కుక్క వాసన. వాడి చొంగ నా చొక్కా మీదుగా కారుతోంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. మోటారుసైకిళ్ళ అవతల, నీడపట్టున బల్ల మీద కూర్చుని మా ఆవిడ ఎవరో తల్లీకూతుళ్ళతో జాంకాయ తింటోంది.

“ఏవండీ, ఎలా ఉంది?” అంది అక్కణ్ణుంచే.

“వంతెన మీద అయితే ఈపాటికి భోజనం చేసేవాళ్ళం అనాలని ఉంది కదూ నీకు?”

“నేనేం అనలేదు. గాలి బాగా వేస్తోందా వాడికి?”

పక్కనున్న తల్లిగారు సానుభూతిగా, “కుక్కకి జొరమా అమ్మా?” అని అడిగింది. అన్నం తినడం లేదని మా ఆవిడ చెప్పింది. ఇక పంటు మీద ఉన్నవాళ్ళందరికీ పని దొరికింది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు వాము నీళ్ళు అన్నారు. వ్యాను డ్రైవరు ట్రేలోంచి ఒక రొయ్య తీసి అద్దంలోంచి చెయ్యి చాచి, “ఇది పెట్టి చూడండి, లేచి డాన్సు చేస్తాడు” అన్నాడు. మా ఆవిడ బల్ల మీంచి చటుక్కున లేచింది. “అయ్యో, వద్దు బాబూ! వాడు వేదపండితుల ఇంటివాడు!” పంటు మీద నవ్వులు ఆగలేదు. చంటాడు మాత్రం రొయ్యను ఒకసారి వాసన చూసి, ముఖం అవతలికి తిప్పుకున్నాడు. తరువాత ఆకలో, అసహనమో, వంగి గేరు రాడ్డు తలను కొరకడం మొదలుపెట్టాడు. వాడి పక్కల మీద చెయ్యి వేశాను. ఆ డొక్కల ఎగపోతను అరచేతి కింద తెలుసుకుంటూ కూర్చోవడం కష్టంగా ఉంది. వీడు అవతలి ఒడ్డుకు చేరతాడా అని ఆ ఉక్కలో మొదటిసారిగా నిజంగా భయం వేసింది.

అప్పుడు వెనకనుంచి గంట వినిపించింది. సైకిలు మీద ఐసుపెట్టె కట్టుకున్నవాడొకడు పంటు ఎక్కాడని నాకు తెలియదు. ఇంతమంది ఎక్కడికీ పోలేకుండా ఎండలో నిలబడి ఉండగా అతను ఊరుకుంటాడా? చేతిగంట తీసి గణగణ మోగించాడు. చంటాడు రాడ్డు వదిలేశాడు. చెవులు నిక్కబొడిచాడు. నా ఒళ్ళోంచి దిగి తన సీట్లోకి వెళ్ళి, ముందుకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, మర్యాదగా కూర్చుని నా వంక చూశాడు. తోక సీటుకేసి కొట్టుకుంటోంది.

ఆ కూర్చున్న తీరు నేను ఎక్కడో చూశాననిపించింది. అక్కయ్యగారి పెరటి గుమ్మం దగ్గర! బావగారు దేవతార్చన చేసి, మహానైవేద్యం పెట్టి గంట వాయిస్తారు. అది అయ్యాకే ఆ ఇంట్లో ఎవరికైనా అన్నం. ఆ గంట తరువాత అక్కయ్య పళ్ళెం తీసుకుని పెరట్లోకి వస్తుంది. చంటాడు పుట్టి బుద్ధెరిగాక నివేదన కాని అన్నం తినలేదు. మా ఇంట్లో దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడంతో సరి. మేము రోజూ దేవుడి కంటే ముందు వాడికి పెడుతున్నాం. వాడు ముట్టుకోకుండా, ఎప్పుడు పిలుస్తారా అని చూస్తూ పడుకుంటున్నాడు.

ఒళ్ళు విరుచుకుని వెనక్కి తిరిగి డబ్బా అందుకున్నాను. పెరుగన్నం మొత్తం తిన్నాడు. డబ్బా నాకాడు. ఆ తరువాత నేను అడ్డుపడేలోగా బావగారి పులిహోర కూడా సగం తిన్నాడు. “తింటున్నాడే!” అని మా ఆవిడ అరిచిన అరుపుకు అందరూ చేరి చూశారు. ఐసువాడు తన ఐసు గొప్పతనం అనుకుని మళ్ళీ గంట కొట్టాడు. మా ఆవిడ పంటు మీది పిల్లలందరికీ ఐసులు కొనిపెట్టింది. నాకు మాత్రం అందించే దారి లేక కరిగిపోయింది.

పోటు ఎక్కి మేము నరసాపురం చేరేసరికి దీపాల వేళ. బావగారు ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. చంటాడు గుమ్మం బయటే ఆగిపోయాడు, పిలిచినా లోపలికి రాలేదు. అక్కయ్య వాణ్ణి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఇంత చిక్కిపోయేడేంట్రా?” అంది. అప్పుడు నిజం చెప్పక తప్పలేదు. గంట సంగతీ చెప్పాను. బావగారు ఇటు తిరిగారు. పడ్డప్పటి నుంచీ ఆయన అర్చన మానేశారట. స్నానం లేని ఒంటితో దేవుడి పెట్టె ముట్టుకోనన్నారట. ఎవరితోనూ మాటా పలుకూ లేదట.

అక్కయ్య రాత్రికి అన్నం కలుపుకుని వచ్చింది. చంటాడు పళ్ళెం వంక చూసి, మంచం వంక చూసి, ఊరుకున్నాడు. అక్కయ్య లోపలికి వెళ్ళి దేవుడి పెట్టెలోంచి గంట తెచ్చి బావగారి ముందు పెట్టింది.

“మంచం మీద ఉండి ముట్టుకోమంటావా?” అన్నారాయన.

“దేవుడికి కాదు లెండి. వాడికి కొట్టండి” అంది అక్కయ్య.

ఆయన గుమ్మం బయట ఉన్న వాడి వంక చూశారు. మోచేతి మీద లేచి, గంట తీసుకుని మోగించారు. చంటాడు పళ్ళెంలో మూతి పెట్టాడు. ఆపరేషను అయ్యాక ఆయన తనంతట తాను లేవడం అదే మొదలని మేనకోడలు తరువాత చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం కూడా కొట్టారు. ఆ పై వారం దిండ్లు ఆనించుకుని కూర్చుని కొట్టారట. నేను గడియారం చూసుకుని బతికిన మనిషిని. వేళ అనేది దానంతట అదే అవుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను గాని, మనకోసం ఆగి ఉన్నవాళ్ళు ఎవరో ఉంటేనే అది నిజంగా అవుతుందని ఈ వయసులో తోస్తోంది.