ఇత్తడి బిళ్ళ లెక్క

ఆఫీసు బీరువా తెరిచినప్పుడల్లా అరచేతికి ఇత్తడి వాసన అంటుకుంటుంది. తాళాల గుత్తికి నారాయణప్ప సార్ ఇచ్చిన బిళ్ళ ఉంది మరి. కేజీఎఫ్‌లో బంగారు గనులు నడిచిన రోజుల్లో లోపలికి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇలాంటి బిళ్ళ తీసుకుని, పైకి వచ్చాక కిటికీలో తిరిగి ఇచ్చేవాడు. ఆ కిటికీ వెనక కూర్చుని, లోపల ఎవరూ మిగల్లేదని తేల్చుకోవడానికి బిళ్ళలు ఎంచిన గుమాస్తా ఆయన. గనులు మూతపడ్డ చాలా ఏళ్ళకు, కోలారులో మాలాంటి వృద్ధాశ్రమాల మేనేజర్లకు డబ్బు వ్యవహారం నేర్పేవారు.

నేను ఆ శిక్షణకు వెళ్ళింది సర్టిఫికెట్ కోసమే. బీకాం చదివినదాన్ని, జమాఖర్చులు నాకొకరు చెప్పాలా అన్న పొగరు ఉండేది. తరగతులయ్యాక ఆయన ఒక్కో ఆశ్రమానికీ వచ్చి పుస్తకాలు చూసేవారు. మాది తిరగేసి, "అంతా సరిపోయిండాదమ్మా" అంటే మురిసిపోయాను. అంతలో మా ఆశ్రమంలో ఉండే వెంకటమ్మ గుమ్మంలోకి వచ్చింది. పింఛను డబ్బు మిగిల్చి నా దగ్గర దాచుకునేది ఆవిడ.

"అమ్మా, నా దుడ్డు ఇస్తే పళ్ళు కట్టించుకుంటాను. చెనక్కాయలు నమిలి రెండేండ్లాయ."

"వచ్చే వారం" అన్నాను. మూడు నెలలుగా అదే మాట.

ఆవిడ వెళ్ళాక సార్ అడిగారు. "ఆయమ్మ దుడ్డు యాడ ఉండాది?"

"అందరిదీ ఒకే పెట్టె సార్. చందాలు ఆలస్యమైతే పాలకీ గ్యాసుకీ అందులోంచే ఇస్తాం. అన్నీ రాస్తాను, పైసా తేడా రాదు."

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఒకసారి ఒకడు రెండు బిళ్ళలిచ్చినాడమ్మా. 'ఇంగోటి మావోడిది, వెనకే వస్తాండాడు' అన్నాడు. తీసుకున్నాను. లెక్క సరిపోయె. కిటికీ మూసి ఇంటికి పోతిని. ఆ వెనక రావాల్సినోడు కాలు విరిగి లోపలే పడిండాడు. మరుసటి షిఫ్టోళ్ళు చూసేదాకా ఆ చీకట్లోనే. బతికినాడు. నన్నొక మాటా అనలేదు. అదే ఇంగా మనసులోనుంచి పోలేదు నాకి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మెల్లగా సర్దేస్తాను సార్" అన్నాను. "సర్దు. ముందు ఆయమ్మకి చెప్పు" అని, తానూ వచ్చి పక్కన కూర్చున్నారు. వెంకటమ్మ అంతా విని, కొంగుతో మూతి తుడుచుకుని, "పాలు నేనూ తాగినాను లే. అయినా నన్నొక మాట అడగాల్సింది" అంది. అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు. సార్ వెళ్తూ ఈ బిళ్ళ నా బల్ల మీద పెట్టారు. ఎవరిదని నేను అడగలేదు.

డబ్బు సర్దడానికి నాలుగు నెలలు పట్టింది. నా జీతంలోంచీ కొంత పడింది. వెంకటమ్మకు పళ్ళు వచ్చాయి కానీ, చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని చెనక్కాయలు పొడి కొట్టించుకునే తింటుంది. సార్ చనిపోయి రెండేళ్ళయింది. బీరువాలో ఇప్పుడు మనిషికొక గుడ్డసంచి, దాని మీద పేరు. నెలాఖరున వాటిని ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్ళి విప్పి చూపిస్తాను. నిన్న వెంకటమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చూసినావు కదమ్మా, చాల్లే" అంది. సంతోషంగానే అనిపించింది. అయినా ఆవిడ ఎదుటే సంచి విప్పి, నోట్లు ఒక్కొక్కటీ ఎంచాను.